మనాలి–లేహ్ దారిలో ఇద్దరి సైకిలు యాత్ర

సభకు నమస్కారం. హిమాలయాల్లో సైకిలు యాత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, ఆ దారి అందాలను వర్ణించడం కన్నా ఒక ముఖ్యమైన విషయాన్ని మీ ముందు పెట్టడం మేలనిపించింది. ఎత్తైన కొండల్లోకి సైకిలు మీద వెళ్లేవారు ఒంటరిగా వెళ్లకూడదనీ, వెళ్లే ఇద్దరూ ఒకరి ఆరోగ్యాన్ని ఒకరు కనిపెట్టుకుని ఉండే బాధ్యతను బయలుదేరక ముందే తీసుకోవాలనీ నా గట్టి నమ్మకం. నేనూ మా బావమరిదీ కలిసి మనాలి నుంచి లేహ్ దాకా తొక్కిన దారిని ఆధారం చేసుకుని ఇందుకు కారణాలు చెబుతాను.

ఇక్కడున్న మీలో చాలామంది విశాఖపట్నం నుంచి అరకు ఘాట్ ఎక్కినవారే. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మనాలి దగ్గర మనం తొలి పెడల్ తొక్కే చోటే దాదాపు 2,050 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి పాత దారి రోహ్‌తాంగ్ (3,978 మీటర్లు), బారాలాచా లా (సుమారు 4,890), నకీ లా, లాచులుంగ్ లా (5,000 పైన), తంగ్‌లంగ్ లా (సుమారు 5,300) అనే ఐదు కనుమలు దాటి, సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న లేహ్ చేరుతుంది. ఘాట్ల మీద చేసే సాధన కాళ్లకు బలాన్నిస్తుందే తప్ప ఎత్తుకు ఒంటిని అలవాటు చేయదు. పైకి వెళ్లినా గాలిలో ప్రాణవాయువు వాటా మారదు, అది అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. తంగ్‌లంగ్ లా మీద అది సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగమే కాబట్టి, ప్రతి శ్వాసలోనూ ఒంటికి అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. దీనికి శరీరం సర్దుకోవడానికి సమయం కావాలి. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటి ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకొక రాత్రి గడపమనీ వైద్యులు చెప్పే నియమం అందుకే. రోజూ వ్యాయామం చేసే యువకులకు కూడా ఇందులో మినహాయింపు లేదు. నిజానికి వాళ్లకే ముప్పు ఎక్కువ, ఎందుకంటే కాళ్లలో సత్తువ ఉన్నవాడు ఒళ్లు సర్దుకునే లోపే పైకి చేరిపోతాడు.

2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగం వల్ల మనాలి–లేహ్ దూరం సుమారు 46 కిలోమీటర్లు తగ్గింది. వాహనాల వారికి అది గొప్ప మేలు. మేము మాత్రం రోహ్‌తాంగ్ మీదుగానే వెళ్లాము, ఆ దారినే ఎంచుకోమని మీకూ చెబుతాను. పగలు దాదాపు 4,000 మీటర్ల దాకా ఎక్కి, రాత్రికి చంద్రా నది ఒడ్డున ఉన్న కోక్సర్‌కు దిగి పడుకోవడం వల్ల శరీరానికి ఎత్తు మొదటిసారిగా పరిచయమవుతుంది. ఆ తర్వాత తాండీ దగ్గర చంద్రా, భాగా నదుల సంగమం, కేలాంగ్, జిస్పా, దార్చా వరకు పొలాలూ ఊళ్లూ ఉన్న దారి. అక్కడ తొందరపడకుండా రెండు రాత్రులు ఎక్కువగా గడపడం ఎంతో మంచిది.

అసలు పరీక్ష దార్చా దాటాక మొదలవుతుంది. భాగా నది పుట్టే సూరజ్ తాల్ సరస్సు పక్కగా బారాలాచా లా ఎక్కి దిగితే సర్చూ వస్తుంది. సర్చూ ఎత్తు 4,290 మీటర్లు. ఈ దారిలో ఎక్కువమందికి ఒళ్లు తేడా చేసే చోటు ఇది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం వంటి లక్షణాలు అక్కడి గుడారాల్లో ఎంతోమందిలో చూశాము. ఆ చోటికి ఇంకొక చిక్కు కూడా ఉంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు నమ్మదగిన చికిత్స కిందికి దిగడమే. సర్చూ నుంచి కిందికి దిగాలంటే ముందు పైకి ఎక్కాలి, ఎందుకంటే వెనక బారాలాచా, ముందు లాచులుంగ్ అడ్డంగా ఉన్నాయి. అందుకే అక్కడ జబ్బు చేస్తే ఏదో ఒక వాహనం పట్టుకుని దార్చా వైపు వెనుదిరగాలని మేమిద్దరం మనాలిలోనే తీర్మానించుకున్నాము.

ఆ సాయంత్రం మా బావమరిది గుడారంలో ముభావంగా కూర్చున్నాడు. అంత ఎత్తున నీళ్లు సుమారు 86 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేనిదే అన్నం ఉడకదు. డాబా ఆయన కుక్కరులో వండి పెట్టిన వేడి అన్నంలో, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ కలిపి ముందు పెడితే, "తర్వాత తింటాలే బావా" అని పళ్లెం పక్కకు జరిపాడు. ఆవకాయ అన్నం వద్దన్న మనిషి కాడు అతను. వెంటనే బయటికి తీసుకువెళ్లి, ఇసుకలో కర్రతో ఒక గీత గీసి, ఒక పాదం మడమకు రెండో పాదం బొటనవేలు ఆనేలా దాని మీద నడవమన్నాను. మెదడులో వాపు మొదలైనవాడు ఆ గీత మీద తూలిపోతాడు. అతను చివరిదాకా నిలకడగా నడిచాడు. అంటే ప్రమాదం ఇంకా తొలి మెట్టులోనే ఉందన్నమాట. మరునాడు సైకిళ్లను కదిలించలేదు. నీళ్లు తాగుతూ, కాసేపు చదునులో నడుస్తూ రోజంతా అక్కడే ఉన్నాము. సాయంత్రానికి తలనొప్పి తగ్గి, తానే అన్నం అడిగాడు.

ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ప్రాణవాయువు చాలనప్పుడు చాలాసార్లు ముందుగా దెబ్బతినేది మనిషి వివేచనే. జబ్బు పడుతున్నవాడు తనకేమీ కాలేదనే అంటాడు, అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే తెలియక. విసుగు, మాట తడబడటం, చేతికున్న తొడుగు గుండీ పెట్టుకోలేకపోవడం వంటివి పక్కనున్నవాడికే ముందుగా కనబడతాయి. కాబట్టి అక్కడ తోడున్నవాడు చిరాకు పడితే మనసులో పెట్టుకోకుండా, దాన్ని ఒక లక్షణంగా చూడటం అలవాటు చేసుకోవాలి. మా మధ్య ఒక ఒప్పందం ఉండేది: ఇద్దరిలో ఎవరు "దిగుదాం" అన్నా రెండోవాడు వాదించకూడదు. బావా బావమరుదుల మధ్య పరిహాసాలూ, పెద్ద చిన్న వరసలూ మామూలే గానీ, 4,000 మీటర్లు దాటాక ఆ వరసలను పక్కన పెట్టాము. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే అసెటజోలమైడ్ మాత్రలు వాడాలనుకునేవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. ఆ మాత్ర వేసుకున్నంత మాత్రాన నెమ్మదిగా ఎక్కవలసిన అవసరం తీరదు.

సర్చూ తర్వాత 21 మలుపుల గాటా లూప్స్ ఎక్కాలి. వాలు మరీ నిటారుగా ఉండదు, కానీ పై మలుపు నుంచి కిందికి చూస్తే వచ్చిన దారంతా ఒకేసారి కనబడుతుంది. ఇక్కడ వేగాన్ని నిర్ణయించేది ఇద్దరిలో నెమ్మదిగా తొక్కేవాడే కావాలి. ముందు వెళ్లిపోయి పైన ఎదురుచూసేవాడు చెమట ఆరి చలికి బిగుసుకుపోతాడు, వెనకవాడు అతన్ని అందుకోవాలని ఊపిరికి మించి తొక్కుతాడు. వాగుల విషయంలో కూడా ఇద్దరూ ఒకే వేళకు కట్టుబడాలి. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి కాబట్టి, పొద్దున్నే మోకాలి లోపు నీళ్లున్నప్పుడు దాటేయాలి. పాంగ్ దాటి కొంత ఎక్కాక దాదాపు 40 కిలోమీటర్లు సాగే మోరే మైదానంలో దారి చదునే, కానీ మధ్యాహ్నం మొదలయ్యే ఎదురుగాలి ఘాట్‌కు తీసిపోదు. చాంగ్‌పా పశుపాలకుల మేకల మందలను దూరం నుంచి చూస్తూ, కాసేపు అతను ముందు, కాసేపు నేను ముందు వంతులవారీగా గాలిని కాచుకుంటూ తొక్కాము. ఒంటరి మనిషికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

సైకిళ్ల గురించి ఒక్క మాట. రెండింటికీ ఒకే కొలత టైర్లు, ఒకే రకం చైను, ఒకే రకం బ్రేకులు ఉండేలా చూసుకోండి. అప్పుడు ఒక జత విడిభాగాలు ఇద్దరికీ సరిపోతాయి, బరువు సగం తగ్గుతుంది. తంగ్‌లంగ్ లా నుంచి రుమ్‌త్సే, గ్యా గ్రామాల మీదుగా సింధు నది ఒడ్డున ఉన్న ఉప్షీకి దిగేటప్పుడు దాదాపు 1,900 మీటర్ల ఎత్తు తగ్గుతుంది. సామాను సంచులతో ఆ దిగుడులో బ్రేకు రబ్బర్లు చాలా త్వరగా అరుగుతాయి. మేము రుమ్‌త్సేలో ఆగి, ఒకరి బ్రేకులు ఒకరు చూసి, మా దగ్గరున్న కొత్త జతను అతని వెనక చక్రానికి వేశాము. గేర్ల పళ్ల లెక్కలు, గుడారాలు దొరికే చోట్లు, నీటి వసతి గురించి అడగదలచినవారు ఇప్పుడు అడగవచ్చు, మా బావమరిది కూడా ఈ సభలోనే ఉన్నాడు.