తల లేని నడక

శ్రోతలకు నమస్కారం.

మొన్న మా మనవరాలిని ఖిలా వరంగల్ తీసుకెళ్లాను. తోరణాల నడుమ స్వయంభూ ఆలయ శిథిలాలు చూస్తూ ఒక విరిగిన విగ్రహం దగ్గర ఆగిపోయింది. "తాతా, దీనికి తల ఏది?" అని అడిగింది.

ఫ్రెంచి శిల్పి రోడాన్ బొమ్మల ముందు కూడా జనం ఇదే అడిగారు. ఆయన మలిచిన 'నడిచే మనిషి'కి తలా లేదు, చేతులూ లేవు. రెండు కాళ్లు, ఒక మొండెం, అంతే. కానీ ఆ నడక చూస్తే మన కాళ్లు కూడా కదులుతాయి.

ఆ శిల్పి గురించి రాయడానికి 1902లో రిల్కే అనే జర్మన్ భాషా కవి పారిస్ వెళ్లాడు. అప్పుడతనికి 26 ఏళ్లు. భార్య క్లారా కూడా శిల్పే. మరుసటి ఏడాదే పుస్తకం వచ్చింది. చేతులు లేని ఆ బొమ్మల్లో కావలసినదేదీ తక్కువ కాలేదని అందులో వాదించాడు. చిత్రం అంచున చెట్టు సగానికి తెగిపోతే ఒకప్పుడు జనం ఒప్పుకోలేదని, తర్వాత అదే అలవాటైందని గుర్తుచేశాడు. మనం శరీరాన్ని అవయవాలుగా లెక్కపెడతాం. రోడాన్‌కు మాత్రం అది వెలుతురు వచ్చి తగిలే చోటు. అలా తగిలిన ప్రతిచోటా ప్రాణం ఉంటే ఒక్క వీపు చాలు, అదే మొత్తం మనిషి.

ఇది చదివాకే నాకు రామప్ప గుడి మదనికలు, అంటే ఆ స్త్రీ శిల్పాలు, మరోలా కనిపించాయి. అంతకుముందు ముఖాలు, నగలు చూసి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు ఆ నల్లరాతి నునుపు మీద ఎండ ఎలా జారుతుందో చూస్తూ కూర్చుంటాను. పొద్దు తిరిగేకొద్దీ నడుం కదిలినట్టే ఉంటుంది.

ఒక్క మాట చెప్పాలి. రోడాన్ కావాలనే తలా చేతులూ లేకుండా ఆపాడు. మన కోటకు అలా కాదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి చిక్కింది. ఆ గాయాన్ని కళ అనడానికి నాకు నోరు రాదు. అయినా మిగిలిన ముక్కలో శిల్పి చెయ్యి పూర్తిగానే ఉంది.

1908లో రిల్కే తల లేని పాత అపోలో విగ్రహం మీద కవిత రాశాడు. ఆ సంపుటిని రోడాన్‌కే అంకితమిచ్చాడు. కళ్లు లేకపోయినా ఆ రాయంతా మనల్ని చూస్తుందంటాడు. కొత్త శిల్పం దగ్గర చూపు నేర్చుకుని పాత రాయి దగ్గరికి వెళ్లాడన్నమాట.

మనవరాలికి ఇదంతా చెప్పలేదు. "నడుం ఎటు తిరిగిందో చూడు బిడ్డా" అన్నాను. కాసేపు చూసింది. తనూ ఒక కాలి మీద బరువు వేసి, నడుం అటే తిప్పి నిలబడింది. మెల్లగా తల ఎడమ భుజం వైపు వాల్చి, "ఇట్లుండేది తాతా" అంది.