నీటికి అడ్డంగా సాగిన దారి: కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా

పెద్దలకు, అమ్మలకు, వెనక వరసల్లో చోటు దొరక్క నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం.

216వ నంబరు జాతీయ రహదారి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చీరాలవాళ్ళకు ఈ దారిని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. కత్తిపూడి దగ్గర 16వ నంబరు రహదారి నుంచి విడిపోయి, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వచ్చి ఒంగోలులో మళ్ళీ అదే రహదారిలో కలుస్తుంది. పొడవు దాదాపు 390 కిలోమీటర్లు. 2010లో రహదారుల నంబర్లన్నీ మార్చకముందు ఇందులో కొంత 214, కొంత 214ఏ. పాత డ్రైవర్లు ఇప్పటికీ ఆ నంబర్లే చెబుతారు.

నేను ఉద్యోగం చేసినంతకాలం మురుగు కాలవల విభాగంలో, అంటే పొలాల్లో మిగిలిన నీళ్ళని సముద్రానికి దింపే కాలవల విభాగంలో చేశాను. అందుకని ఎక్కడికి వెళ్ళినా నా చూపు రోడ్డు మీదకంటే రోడ్డు కిందకే పోతుంది. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ చూపులోంచే. రాష్ట్రం పటం ఒకసారి మనసులో పెట్టుకోండి. డెల్టాలో నీళ్ళన్నీ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, సముద్రం వైపు దిగుతాయి. ఈ దారేమో ఈశాన్యం నుంచి నైరుతికి, తీరం వెంబడి నడుస్తుంది. అంటే గోదావరి పాయలనీ, ఉప్పుటేరునీ, కృష్ణనీ, మన నల్లమడనీ, రొంపేరునీ, వాటి మధ్యనున్న లెక్కలేనన్ని మురుగు కాలవలనీ ఇది అడ్డంగా కోసుకుంటూ రావాలి. నీటికి అడ్డంగా వేసిన దారి ఇది. దీని చరిత్రా, దీని కష్టమూ, మనం దీన్నుంచి అడగాల్సిందీ అన్నీ అక్కడే ఉన్నాయి.

16వ నంబరు దారి ఆ తంటా చాలావరకు తప్పించుకుంది. జొన్నాడ దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటి, తణుకు, ఏలూరు మీదుగా లోపలికి తిరిగి, విజయవాడలో కృష్ణ దాటేస్తుంది. మన దారి నదీముఖాలకు దగ్గరగా, నది బాగా వెడల్పయ్యి, పాయలు చీలి, ఆటుపోట్లు తగిలేచోట దాటాలి. వంతెన కట్టడానికి అంతకంటే కష్టమైన చోటు ఉండదు. అందుకే ఈ దారి అంత ఆలస్యంగా దారి అయింది.

మొదట కాకినాడ వైపు చూద్దాం. పిఠాపురం దాటి కాకినాడలోంచి దక్షిణంగా వస్తే తాళ్ళరేవు, దాని పక్కన కోరంగి. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, పడవ షికారు, సెలవు రోజుల్లో జనం. ఒకప్పుడు అది ఓడలు కట్టిన ఊరు. రంగం, అంటే బర్మా, వెళ్ళిన మనవాళ్ళు వేలమంది ఆ రేవుల్లోనే ఓడ ఎక్కారు. 1789లో వచ్చిన ఉప్పెన, 1839లో వచ్చిన తుఫాను ఆ ఊరిని తుడిచిపెట్టాయి. గోదావరి మేట మిగతా పని పూర్తి చేసింది. ఇవాళ రోడ్డు మీద పోయేవాళ్ళకు అక్కడొక రేవుండేదన్న ఆనవాలే కనపడదు.

యానాంలో పెట్రోలు కొట్టించుకోవడానికి ఆగని బండి ఉండదు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతుల్లో ఉన్న ఊరది, ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగం. నాకు మాత్రం యానాం అంటే గౌతమి మీది వంతెన. లోక్‌సభ స్పీకర్‌గా ఉంటూ 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన బాలయోగి గారి పేరు పెట్టారు దానికి. ఎదురులంక దగ్గర కోనసీమలో దిగుతాం. ఆ వంతెన లేనప్పుడు గౌతమి దాటాలంటే మనుషులనీ బళ్ళనీ దాటించే పడవ, పంటు, ఎక్కాలి, లేదంటే రావులపాలెం చుట్టూ తిరిగి రావాలి. పురిటి నొప్పులొచ్చిన మనిషిని రేవులో కూచోబెట్టి, అవతలి ఒడ్డున ఉన్న పంటు ఎప్పుడొస్తుందా అని చూసిన కుటుంబాలు కోనసీమలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అక్కడి పెద్దవాళ్ళని కదిపితే చాలు, చెబుతారు.

ఇంకో మాట. అమలాపురానికి ఇవాళ్టికీ రైలు లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఉన్న పట్టాలు రెండో ప్రపంచయుద్ధ కాలంలో పీకేశారు. అవి తిరిగి వేసి రైలు నడిపింది 2004లో. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా లైను ఇంకా కడుతూనే ఉన్నారు. రైలు లేని చోట రోడ్డే అన్నీ. కొబ్బరికాయ పోయేదీ, కాలేజీకి పిల్లలు పోయేదీ, కాకినాడ పెద్దాసుపత్రికి మనిషిని తీసుకుపోయేదీ ఈ దారినే. అమలాపురం నుంచి రాజోలు పోతుంటే బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద ఇంకో వంతెన, అవతల పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడ చమురు సంస్థ బావిలోంచి గ్యాసు ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. ఆ మంట ఆకాశంలో కనపడుతుంటే చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేసి పోయిన జనానికి అప్పట్లో ఇన్ని వంతెనలు లేవు.

రాజోలు దాటాక చించినాడ దగ్గర వశిష్ఠ. అది దాటితే పశ్చిమ గోదావరి. కొంచెం దిగువన నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఇప్పటికీ నడుస్తోంది. వీలైతే ఒకసారి ఎక్కండి. ఈ తీరమంతా ఒకప్పుడు ఎలా దాటేదో అక్కడ కళ్ళకు కడుతుంది: మోటారు సైకిళ్ళు, అరటి గెలలు, అంతర్వేది యాత్రికులు, అందరూ ఒకే చెక్క మీద.

నరసాపురం లేసు పని మీకు తెలుసు. 1844 ప్రాంతంలో మెక్‌రే అనే మిషనరీ దంపతులు నేర్పిన పని అది, అక్కడి ఆడవాళ్ళ చేతుల్లో పెరిగి దేశాలు దాటింది. మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద కూచుని, ఒళ్ళో దారపు ఉండ పెట్టుకుని, చేతిలో సన్నటి కొక్కెం సూది. కళ్ళు ఎదురింటావిడ మీద, మాట ఊళ్ళో పెళ్ళి మీద, వేళ్ళు మాత్రం లెక్క తప్పవు. ఆ లేసు ఎగుమతిదారుడి గోడౌనుకు చేరేదీ ఈ దారి మీదే. అల్లిన చేతికి దక్కే కూలి చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

ఇక్కణ్ణించి నా అసలు విషయంలోకి వస్తాను. భీమవరం కిందుగా లోసరి దగ్గర దారి ఉప్పుటేరు దాటుతుంది. కొల్లేటికి నీళ్ళు తెచ్చే ఏర్లు చాలా ఉన్నాయి. కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోయే తోవ మాత్రం ఈ ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు టీవీల్లో అందరం చూశాం. నగరంలోంచి నీళ్ళు తీసేశాక మనం టీవీ కట్టేశాం. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయి? కొల్లేట్లోకి వచ్చాయి. అక్కణ్ణించి ఉప్పుటేరు పట్టుకుని ఈ వంతెన కిందుగానే సముద్రానికి పోవాలి. పైన లారీ పోతుంది, కింద పై జిల్లాల వరద పోతుంది. రెంటికీ దారి ఇవ్వాల్సిన కట్టడం అది. మనం దాన్ని లారీ కోసమే కట్టినట్టు చూస్తాం.

పెడనలో అద్దకం పని చూడండి. టేకు చెక్కలో చెక్కిన అచ్చులు, కరక్కాయ రసం, పటిక. రంగు అద్దాక బట్టని కాలవలో పారే నీళ్ళలో జాడించాలి. నిలవ నీళ్ళలో జాడిస్తే వదులైన రంగు తిరిగి బట్టకే అంటుకుని మరకలు పడతాయి. అంటే ఆ కాలవ ఎగువన ఎక్కడో తూము మూసుకుపోయి పారుదల ఆగితే పెడనలో కలంకారీ పాడవుతుంది. ఇది రోడ్డు ఇంజనీరు లెక్కల్లో ఉండదు. ఉండాలని నా మనవి.

బందరు గురించి చెప్పడం మొదలుపెడితే ఈ సభ ముగియదు. ఆంగ్లేయుల ఓడ అక్కడికి వచ్చింది 1611లో, డచ్చివాళ్ళు అంతకుముందే వచ్చారు. జాతీయ కళాశాల 1910లో, పట్టాభి సీతారామయ్య గారి ఆంధ్రా బ్యాంకు 1923లో అక్కడే పుట్టాయి. వీటన్నిటి మధ్యా 1864 నవంబరు ఒకటో తేదీ రాత్రి ఉంది. ఉప్పెన ఊరి మీదకొచ్చి దాదాపు ముప్పై వేలమందిని తీసుకుపోయింది. ఇప్పుడు మళ్ళీ కొత్త ఓడరేవు కడుతున్నారు. అది పూర్తయిన రోజున ఈ దారి మీద ఎంత బరువు పడుతుందో ఇప్పుడే ఆలోచించాలి.

చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ. 1977 నవంబరు 19. దివిసీమ పేరు చెప్పగానే ఇక్కడున్న పెద్దవాళ్ళ ముఖాలు మారాయి. ఆనాటి ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. అలల కంటే తరవాతి రోజులే ఘోరమని బతికినవాళ్ళు చెబుతారు. రోడ్లు లేవు, సాయం చేరే తోవ లేదు. కృష్ణకు అవతల పెనుమూడి, రేపల్లె కనుచూపు మేరలోనే ఉన్నాయి. కానీ బండి మీద వెళ్ళాలంటే విజయవాడ పోయి బ్యారేజీ దాటి వందకు పైగా కిలోమీటర్లు చుట్టి రావాలి. ఇప్పుడు పులిగడ్డ, పెనుమూడి మధ్య వంతెన ఉంది. కొద్ది నిమిషాల్లో దాటేస్తాం. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి బస్సుల్లో జనాన్ని లోపలికి తరలించాలంటే దివిసీమకు ఇప్పుడు రెండు వైపులా తోవలున్నాయి. నా దృష్టిలో 216 చేసిన అన్ని పనుల్లోకీ ఇదే గొప్పది.

అయితే అదే దారి, వాన కురిసిన నాలుగో రోజున, మనకు శత్రువు కూడా అవుతుంది. ఎలాగో చెబుతాను.

డెల్టాలో నేల మెత్తన. కింద జిగట బంకమట్టి, దాని మీద రోడ్డు వెయ్యాలంటే ముందు మట్టి పోసి కట్ట ఎత్తాలి. ఎత్తిన కట్ట ఏళ్ళతరబడి కుంగుతూనే ఉంటుంది. వంతెన మాత్రం లోతైన పునాది మీద కదలకుండా నిలబడుతుంది. వంతెన ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మీ బండి ఎగిరిపడేది అందుకే. అది చిన్న బాధ. పెద్ద బాధ ఏమిటంటే, ఆ కట్ట కిలోమీటర్ల పొడవున నీటికి గట్టులా నిలబడుతుంది. దాని కిందుగా నీళ్ళు పోవడానికి తూములూ కల్వర్టులూ ఎన్ని పెట్టాం, ఎంత వెడల్పు పెట్టాం, వాటిని ఎవరు శుభ్రం చేస్తున్నారు అన్నదాని మీద పైనున్న పొలాల బతుకు ఆధారపడుతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వరి కోతల కాలం. వాన తగ్గాక ఒక కల్వర్టు దగ్గరికి వెళ్ళాను. ఎగువన మోకాటి లోతు నీళ్ళు, వాటిలో పడిపోయిన వరి, వెన్నులకు అప్పటికే మొలకలు. దిగువన కాలవలో జానెడు నీళ్ళు. రెంటికీ మధ్య రోడ్డు. కల్వర్టుకు మూడు కళ్ళు. రెండింటిని గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, ఎక్కణ్ణించో కొట్టుకొచ్చిన తాటిమొద్దు పూర్తిగా మూసేశాయి. ఒక రైతు నడుము లోతు నీళ్ళలో దిగి, వెదురు గెడకు కొడవలి కట్టి ఆ డెక్కను కోసి లాగుతున్నాడు. ఇది ఎవరు చెయ్యాల్సిన పనయ్యా అంటే, "రోడ్డోళ్ళు కాలవోళ్ళదంటారు, కాలవోళ్ళు రోడ్డోళ్ళదంటారు, పొలం నాదండీ" అన్నాడు. మీకు ఇంతకంటే నేను విడమరచాల్సింది లేదు. ఆ రెండు పక్షాల్లో ఒకదానిలో నేనూ ఉద్యోగం చేశాను. అక్కడ పనిచేసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కాగితం మీద ఆ కల్వర్టు నోరు ఎవరి హద్దులో ఉందో ఎవరూ రాయలేదు, అంతే. ఆ రాయకపోవడానికి మూల్యం రైతు చెల్లిస్తున్నాడు.

బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది. నీళ్ళు ఎన్ని రోజులు నిలిస్తే వరి ఏమవుతుందో అక్కడి అధ్యాపకులు మనకు చెప్పగలరు. దాన్ని బట్టే తూము వెడల్పు లెక్క కట్టమని అడుగుదాం. ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, బైపాసులు వచ్చాయి. ప్రతి బైపాసూ పొలాల మధ్య ఇంకో కొత్త కట్ట. ఊళ్ళో రద్దీ తగ్గింది, ఆ సంగతి సంతోషమే. కానీ వేటపాలెం జీడిపప్పు కొట్లవాళ్ళనీ, ఊరి బయట బస్సు దిగి చీకట్లో నడిచొచ్చే ఆడపిల్లలనీ అడగండి, సర్వీసు రోడ్డూ దీపాలూ ఎందుకు కావాలో చెబుతారు.

మన పక్కనే మోటుపల్లి ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం మీలో చాలామందికి తెలుసు. అంతకుముందు, తుఫానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్ళు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగేవాళ్ళ కష్టార్జితాన్ని మేం తీసుకోం, సుంకంగా ముప్పైలో ఒక వంతు మాత్రమే తీసుకుంటాం అని ఆయన రాయి మీద చెక్కించాడు. ఎవరికి ఏది దక్కాలో, ఎవరు ఏది చెయ్యకూడదో రాతపూర్వకంగా తేల్చాడు. మనకిప్పుడు కావలసిందీ అలాంటి రాతే. ఈ దారి కిందున్న ప్రతి తూమూ ఏ శాఖదో, ఎప్పటికల్లా శుభ్రం చెయ్యాలో పేరుతో సహా రాసిన పట్టిక. ఏటా వానలకు ముందు జూన్‌లో ఒకసారి, తుఫానుల కాలానికి ముందు అక్టోబరులో ఒకసారి, రెండు శాఖలవాళ్ళూ ఆయకట్టు రైతులని వెంటబెట్టుకుని నడిచి చూడాలి. ఖర్చు పెద్దది కాదు. ఒక యంత్రం, ఓ పదిమంది మనుషులు, ఒక సంతకం. సంతకం దగ్గరే ఆగుతోంది.

1921లో మున్సిపాలిటీ పన్నులు మోయలేక ఊరు ఊరంతా లేచి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక రామ్‌నగర్ గుడిసెల్లో నెలలతరబడి ఉన్న ఊరు మీది. ఒక అర్జీ రాసి, ఊరూరా సంతకాలు పెట్టించడం మీకు కష్టం కాదు.

బాపట్ల నుంచి ఒంగోలు దాకా ఉన్న తూముల పటం ఒకటి గీసి తెచ్చాను, ఆ బల్ల మీద పరిచి ఉంది. రొంపేరు నుంచి చినగంజాం ఉప్పు కొఠార్ల దాకా కొన్ని చోట్ల నాకు సరిగ్గా దొరకలేదు. ఆ ఊళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే వెళ్ళేముందు వచ్చి, మీ పొలం పక్కనున్న తూము అందులో ఉందో లేదో చూసి, లేకపోతే పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఏ వానకు మునిగిందో కూడా పక్కన రాయండి. అర్జీకి దాన్నే జతచేద్దాం. నమస్కారం.