మిస్ మార్పుల్ మన వాడకు వస్తే: పుస్తకాల ఫోన్-ఇన్

(ఆదివారం ఉదయం ప్రసారమైన కార్యక్రమానికి రాత రూపం ఇది. ఫోన్ చేసినవాళ్ల పేర్లు తీసేసి, ఊళ్లు మాత్రం ఉంచాం.)

యాంకర్: అందరికీ నమస్తే. ఈ నెల మనం చదువుతున్నది అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్'. 1930లో వచ్చింది. మిస్ మార్పుల్ అనే పెద్దావిడ హత్యల గుట్టు విప్పే 12 నవలల్లో ఇది మొదటిది. మన అతిథి హన్మకొండలో చాలా ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన మేడం. మేడం, చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్పండి. హంతకుడి పేరు మాత్రం వద్దు.

అతిథి: సెయింట్ మేరీ మీడ్ అని ఇంగ్లండ్‌లో ఒక పల్లె. కల్పిత ఊరే. అక్కడి పాస్టరు గారే కథ చెప్తుంటారు. ఊళ్లో కర్నల్ ప్రోథరో అని ఒకాయన. ఆయనంటే పడేవాళ్లు ఒక్కరూ లేరు. మొదటి పేజీల్లోనే పాస్టరు గారు భోజనం దగ్గర నోరు జారతారు, ఆ కర్నల్‌ని ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినవాళ్లవుతారని. తర్వాత ఆ కర్నలే పాస్టరు గారింట్లో, ఆయన రాసుకునే బల్ల మీద వాలి చచ్చిపడి ఉంటాడు. ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు వచ్చి 'నేనే చంపాను' అంటారు. పక్కింటి మిస్ మార్పుల్ తోటపని చేసుకుంటూ, పిట్టల్ని చూసే నెపంతో బైనాక్యులర్స్ పట్టుకుని అన్నీ గమనిస్తుంది. అనుమానించాల్సినవాళ్లు ఏడుగురున్నారని పాస్టరుతో అంటుంది, పేర్లు మాత్రం అప్పటికి చెప్పదు.

యాంకర్: మొదటి కాల్ పరకాల నుంచి. చెప్పండి అక్కా.

శ్రోత (పరకాల): నమస్తే తమ్మీ, నమస్తే మేడం. నేను మహిళా సంఘాల్లో వీవోఏగా, అంటే సంఘాల లెక్కలు రాసే పని చేస్తున్నాను. నాకు ఇంగ్లిష్ అంత రాదు. మా బిడ్డ ఫోన్‌లో చదువుకుంటూ రోజూ రాత్రి కాస్త కాస్త చెప్పింది. నాకు మస్తు నచ్చింది ఆ హ్యాండ్‌బ్యాగ్ ముచ్చట. కర్నల్ పెండ్లాం ఆ ఇంటి దిక్కు పోతుంటే చేతిలో బ్యాగు లేదని మిస్ మార్పుల్ చూసింది గదా. బ్యాగు లేదంటే తుపాకి లేదన్నట్టే. అది మగవాళ్లకు తట్టేది కాదు.

అతిథి: తట్టదు. పాస్టరు కూడా అదే తోటలో తిరుగుతాడు, ఆయన కంటికి అట్లాంటివి ఆనవు.

శ్రోత (పరకాల): నేను కూడా సంఘం మీటింగుకు పోతే ముందు చెవులు చూస్తాను మేడం. పోయిన నెల ఉన్న కమ్మలు ఈ నెల లేవంటే కుదువ పెట్టినట్టే. వాయిదా కట్టుడు కష్టమని అప్పుడే అర్థమైతది. ఆమె నోరు తెరిచి చెప్పకముందే నేను పక్కకు పిలిచి మాట్లాడతాను. మా ఇంటాయనేమో నన్ను సీఐడీ అని ఎక్కిరిస్తాడు. ఇట్లా ప్రతి ఒక్కటి చూసుడు మంచి అలవాటేనా, కాదా? అది అడుగుదామని చేశాను.

అతిథి: మీరు పక్కకు పిలిచి అడుగుతున్నారు చూడండి, అది చాలు. మీటింగులో అందరి ముందు 'నీ కమ్మలేవి' అంటే అది వేరే సంగతి. నిజం చెప్పాలంటే ఈ మొదటి నవలలో మిస్ మార్పుల్‌కు ఆ మర్యాద అంతగా లేదు. ఊళ్లో జరిగేదంతా ఈవిడకు తెలుస్తుంది, అన్నిటికీ చెడ్డ అర్థమే తీస్తుంది అని పాస్టరు భార్యే అంటుంది. తర్వాతి నవలల్లో ఆమెను చాలా మెత్తబరిచారు. నాకు మాత్రం ఈ కారం ఉన్న మార్పులే ఇష్టం.

యాంకర్: కాజీపేట నుంచి ఒక పెద్దాయన లైన్‌లో ఉన్నారు. సార్, చెప్పండి.

శ్రోత (కాజీపేట): రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా రోజుల్లో అద్దె లైబ్రరీలో కొమ్మూరి సాంబశివరావు పుస్తకం దొరికిందంటే డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా చదివేవాళ్లం. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు! కారు వేసుకుని రివ్వున పోతారు. ఇక్కడేముంది? టీ తాగుతారు, మాట్లాడుకుంటారు, మళ్లీ టీ. వంద పేజీలకు ఒక్క పరుగు లేదు. పేర్లా, బోలెడు. డాక్టరు, చిత్రకారుడు, తవ్వకాల పండితుడు, ఆయన సెక్రటరీ, చిన్న పాస్టరు, ఎవరో కొత్తగా దిగిన ఆవిడ. ఎవరికి ఎవరేమవుతారో చూడ్డానికి వెనక్కి తిప్పుడే సరిపోయింది. పైగా డిటెక్టివ్ అని పేరు పెట్టుకున్న ముసలావిడ అప్పుడప్పుడు కనిపిస్తుంది అంతే.

అతిథి: మీ ఫిర్యాదులో సగం రచయిత్రి కూడా ఒప్పుకున్నారు సార్. ఆమె చనిపోయాక 1977లో వచ్చిన ఆత్మకథలో ఈ నవల గురించి రాస్తూ, పాత్రలు మరీ ఎక్కువయ్యాయి, ఉపకథలు మరీ ఎక్కువయ్యాయి అన్నారు. మిస్ మార్పుల్ అప్పుడప్పుడే కనిపించడం గురించైతే నేను ఒప్పుకోను. కథ చెప్పేది పాస్టరు. పక్కింటి ముసలావిడను ఆయన లెక్కలో పెట్టుకోలేదు, కాబట్టి మనమూ పెట్టుకోం. యుగంధర్ గదిలోకి వస్తే అందరూ లేచి నిలబడతారు. ఈమె వస్తే ఎవరూ మాట ఆపరు. ఆపకపోవడమే ఆమెకు కావాలి.

శ్రోత (కాజీపేట): అది బాగానే ఉంది. ఆ పేర్ల సంగతి?

అతిథి: ఒక చీటీ మీద రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి. పేరు, వాళ్ల పని, ఆ సాయంత్రం ఎన్ని గంటలకు ఎక్కడున్నామని చెప్పారో. ఈ నవలంతా టైమ్ మీద నడుస్తుంది. పాస్టరు గదిలో గడియారం కింద పడి 6:22 దగ్గర ఆగి ఉంటుంది. అయితే ఆ గడియారాన్ని పావుగంట ముందుకు పెట్టుకోవడం ఆ ఇంటివాళ్ల అలవాటు. ఆ సంగతి ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు? రైల్వేలో చేసినవారు, మీకంటే బాగా ఎవరు పట్టుకుంటారు?

శ్రోత (కాజీపేట): (నవ్వు) సరే, అయితే మళ్లీ మొదటినుంచి చూస్తాను.

యాంకర్: మంచిర్యాల నుంచి ఇంకొకరు. చెప్పండన్నా.

శ్రోత (మంచిర్యాల): నేను యాభై పేజీలకే పట్టేశాను సార్. చాలా ఈజీ. చంపింది ఎవరంటే ఆ...

(లైన్ కట్ అయింది.)

యాంకర్: సారీ అన్నా, నేనే కట్ చేశాను. ఇంకా చదువుతున్నవాళ్లు నా మీదికొస్తారు.

అతిథి: ఆయన పట్టేసి ఉండొచ్చు. 1929లో రోనాల్డ్ నాక్స్ అని ఒక మతగురువు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. నేరస్తుడు కథ మొదట్లోనే కనిపించాలన్నది అందులో మొదటిది. కాబట్టి గుడ్డిగా వేసినా ఒక్కోసారి తగులుతుంది. ఎట్లా చేశారో కూడా చెప్పగలిగితేనే నేను మార్కులేస్తాను.

యాంకర్: హన్మకొండ నుంచి డిగ్రీ చదివే అమ్మాయి. చెప్పమ్మా.

శ్రోత (హన్మకొండ): నమస్తే మేడం. నేను ఇట్లాంటి నవలే ఒకటి రాస్తున్నాను. మన దగ్గరి ఊళ్లోనే. సద్దుల బతుకమ్మ రోజు అందరూ చెరువు దగ్గర ఉన్నప్పుడు ఇంట్లో ఒకామె చనిపోతుంది. కనిపెట్టేది మామూలు ఆడమనిషి. కానీ ఒక్క దగ్గర ఆగిపోయాను. మన దగ్గర పోలీసులు వచ్చారంటే తలుపు దగ్గరికి కూడా రానివ్వరు గదా. ఆమె ఆ శవాన్ని ఎట్లా చూస్తుంది? సినిమాలో లాగా ఎస్సైకి మేనకోడలు అని పెడితే మస్తు చీప్‌గా ఉంది.

అతిథి: మేనకోడల్ని తీసెయ్. దారి చట్టంలోనే ఉంది. అనుమానాస్పద మరణమైతే పోలీసులు శవ పంచనామా చేయాలి. పాత సీఆర్‌పీసీలో, అంటే నేర విచారణ పద్ధతి చెప్పే చట్టంలో, 174వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 194. ఆ పంచనామా చుట్టుపక్కల ఉండే ఇద్దరో, అంతకన్నా ఎక్కువమందో పెద్దమనుషుల ముందు జరగాలి. వాళ్లే పంచులు. చూసి సంతకం పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు మీ ఆడమనిషి అయితే?

శ్రోత (హన్మకొండ): ఆడవాళ్లను పిలుస్తారా మేడం?

అతిథి: పిలవొద్దని లేదు. చనిపోయింది ఆడమనిషైతే పిలవడమే పద్ధతిగా ఉంటుంది. మా నాన్న కోర్టులో గుమాస్తా. పంచనామా కాగితాలు ఎట్లా ఉంటాయో ఆయన చెప్తుంటే విన్నాను. పడి ఉన్న తీరు, ఒంటి మీది బట్టలు, గాయాలు, నగలు, అన్నీ వరసగా రాస్తారు. ఇందాక పరకాల నుంచి మాట్లాడిన అక్కను గుర్తు తెచ్చుకో. ఆమెనే పంచుగా పిలిచారనుకుందాం. కానిస్టేబుల్ రాస్తున్నాడు, చెవులకు బంగారు కమ్మలు ఒక జత అని. ఈమె గుండె జారింది. ఎందుకంటే ఆ కమ్మలు నెల కిందటే కుదువకు పోయినట్టు ఈమెకు తెలుసు. విడిపించిందెవరు? డబ్బెక్కడిది? కానిస్టేబుల్‌కు అది ఒక లైన్ మాత్రమే. ఈమె సంతకం పెట్టి ఇంటికి వచ్చేసింది, నిద్ర పట్టదు.

శ్రోత (హన్మకొండ): అయ్యో మేడం, నేను రాసుకుంటున్నాను, కొంచెం మెల్లగా...

అతిథి: (నవ్వు) ఇంకొకటి కూడా రాసుకో. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు. వాళ్లుండే చోటికే పోలీసులు రావాలి. అది కొత్త సంహితలో 179వ సెక్షన్. అంటే ఎస్సై మీ ఆవిడ గడపలోకి వచ్చి కూర్చోవాలి. ఆయన అడగడానికి వచ్చాడు, ఆమె చాయ్ ఇచ్చి ఆయననే అడుగుతుంది. అట్లాంటి సీన్ రాస్తే పుస్తకం పక్కన పెట్టబుద్ధి కాదు.

శ్రోత (హన్మకొండ): బతుకమ్మ ఉంచాలా, తీసెయ్యాలా?

అతిథి: ఉంచు. కానీ చెరువు గట్టు మీద వందమంది ఫోన్లలో వీడియోలు తీస్తుంటారు, అది మరిచిపోవద్దు. క్రిస్టీకి గడియారం ఉంది, నీకు ఆ వీడియోలున్నాయి. 'నేను అక్కడే ఉన్నాను' అన్న మనిషి ఏ పాట నడుస్తున్నప్పుడు కనిపించింది, ఏ పాటకు లేదు, అక్కడ వెతికించు. చావుకు ఏం పెట్టావు?

శ్రోత (హన్మకొండ): కల్లులో పురుగుల మందు మేడం.

అతిథి: తీసెయ్ బిడ్డా. క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది, విషాల గురించి తెలిసి రాసింది. అక్కడి పాఠకులకు అది పజిల్. పత్తి పండించే మన జిల్లాలో పురుగుల మందు డబ్బా అంటే ఎన్ని ఇళ్లలో ఏడుపుందో నీకు తెలుసు. దాన్ని పజిల్ కోసం వాడితే చదివేవాళ్లకు కథ అక్కడే ఆగిపోతుంది. మెట్ల మీద నుంచి తోసెయ్, ఇంకేదైనా చెయ్.

యాంకర్: మేడం చాలా తేలిగ్గా తోసేశారు! హుజూరాబాద్ నుంచి అమ్మ ఒకరు చాలాసేపటి నుంచి లైన్‌లో ఉన్నారు. చెప్పమ్మా.

శ్రోత (హుజూరాబాద్): నేను అంగన్‌వాడీ టీచర్‌గా చేసి దిగిపోయాను. అందరూ మెచ్చుకుంటున్నారు గానీ నాకు ఈ పుస్తకం చదువుతుంటే భయమేసింది. ఒంటరి ముసలామె, పిల్లల్లేరు, అందరి ఇళ్ల ముచ్చట్లు తెలుసు, ఎవరేం చేస్తారో ముందే చెప్తది. ఆ దేశంలో ఆమెను పిలిచి టీ ఇస్తారు. మన దిక్కు అట్లాంటి ఆమెను ఏమంటారు? చేతబడి అంటారు, బాణామతి అంటారు. పళ్లు పీకిన వార్తలు, కొట్టి చంపిన వార్తలు మనం పేపర్లలో చదవలేదా? ఆ పిల్ల నవల రాస్తే రాయనీ. కానీ అంతా తెలిసిన ఆడమనిషిని ఊరు ఊరికే వదిలేస్తదా?

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు.)

అతిథి: మీరన్నది నిజం అమ్మా. మిస్ మార్పుల్‌కు సొంత ఇల్లుంది, పనిమనిషి ఉంది, పేరున్న రచయిత అయిన మేనల్లుడున్నాడు, పక్కింట్లో పాస్టరున్నాడు. ఆమెను వెనకాల ఎన్నైనా అంటారు, మీద చెయ్యి వెయ్యరు. ఆ రక్షణ ఉంది కాబట్టే కథ అంత నింపాదిగా నడిచింది. మనం రాసేటప్పుడు అది ఉందనుకుని రాస్తే అబద్ధమవుతుంది. అందుకే నాకు ముసలావిడ కన్నా ఆ వీవోఏ నయమనిపిస్తుంది. ఆమె చేతిలో రిజిస్టర్ ఉంది, వెనక పది మంది సంఘం ఆడవాళ్లున్నారు. 'నీకెట్లా తెలుసు' అని నిలదీస్తే లెక్క చూపిస్తుంది.

శ్రోత (హుజూరాబాద్): ఆమె కూడా రాత్రి ఒక్కతే ఇంటికి నడిచిపోవాలి గదా.

అతిథి: పోవాలి. ఆ భయం నవలలో ఉండాలి. క్రిస్టీ పుస్తకంలో నాకు వెలితిగా అనిపించేది కూడా అదే. ఈమెకు ఏమన్నా అవుతుందేమో అన్న టెన్షన్ నాకు ఒక్కసారి కూడా కలగలేదు.

యాంకర్: టైమ్ తక్కువుంది, ఒక్క చిన్న కాల్. జనగామ నుంచి.

శ్రోత (జనగామ): మా పాప ఎనిమిదో తరగతి. ఇట్లాంటివి చదవనివ్వొచ్చా మేడం? హత్యలు గదా.

అతిథి: హాయిగా చదవనివ్వండి. రక్తం వర్ణనలు ఉండవు. సాయంత్రం పూట వచ్చే సీరియళ్లలో ఇంతకన్నా ఎక్కువ కుట్రలుంటాయి. అయితే ఈ నవలతో మొదలుపెట్టొద్దు, పేర్ల దగ్గరే విసుగొస్తుంది. 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' ఇవ్వండి, 1950లో వచ్చింది. ఒక పల్లెలో పొద్దున పేపర్ తెరిస్తే చిన్న ప్రకటన ఉంటుంది. ఫలానా ఇంట్లో శుక్రవారం సాయంత్రం 6:30కి హత్య జరుగుతుంది, స్నేహితులు దయచేసి రావలసిందని. ఊరివాళ్లంతా ఏదో ఆట అనుకుని, తలా ఒక సాకు చెప్పుకుంటూ సరిగ్గా ఆ టైముకే వస్తారు. కాజీపేట సార్ వింటుంటే, మీరు కూడా అదే చదవండి. మూడో చాప్టర్‌కే దీపాలు ఆరిపోతాయి.

యాంకర్: ఇక్కడ వార్తలకు టైమైంది. హన్మకొండ అమ్మాయీ, మొదటి చాప్టర్ అయ్యాక మళ్లీ ఫోన్ చెయ్. మంచిర్యాల అన్నా, మీరు మాత్రం చెయ్యొద్దు.