ఆపరేషన్ దాకా ఎందుకొస్తది? ఇరిగిన కాలు, తెగిన వేలు, కడుపునొప్పి

ఆపరేషన్ అనంగనే మనోళ్లకు కాన్పు, అపెండిక్స్, హెర్నియా యాదికొస్తయి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు వెన్నుపూసల లోపలి దారి ఇరుకై నరం నలిగితే చేసే ఆపరేషన్ ఇంకోటి, అది వేరే వీడియో ముచ్చట. ఇయ్యాల ఎక్కువ మాట్లాడేది దెబ్బల గురించి.

చిట్యాల, నకిరేకల్ మీదికెల్లి పోయే 65 నంబర్ హైవే గానీ, జడ్చర్ల దిక్కు 44 గానీ, బైకు మీదికెల్లి పడితే ఎక్కువగ ఇరిగేదాంట్ల మోకాలి కింది బొక్క ఒకటి. ముందర దిక్కు ఆ బొక్కకు, తోలుకు నడుమ కండ ఉండదు. అందుకే ఇరిగిన మొన తోలు చీల్చుకొని బయటికొస్తది. గాయం చిన్నగున్నా సరే, ఆపరేషన్ థియేటర్ల కడగాల్సిందే. యాంటీబయాటిక్ గంటలోపు పడాలె, ధనుర్వాతం సూది కూడ. పొలం మట్టి, పెంట, మురికినీళ్లు తగిలితే తెల్లారిందాక ఆగొద్దు. బయటికొచ్చిన బొక్కను లోపలికి నెట్టకుండ్రి. పసుపు, కాఫీపొడి అద్దకుండ్రి, మళ్ల అదంత ఏరి కడగాలె. శుభ్రమైన గుడ్డ కప్పి, మోకాలు, చీలమండ రెండూ కదలకుండ కట్టె ఆనించి కట్టి, 108కి ఫోన్ చెయ్యిండ్రి.

తోలు చిరగలేదు గదా అని నాటు కట్టు బిగిస్తరు. అసలు గోస అక్కడ్నే. లోపల వాపుకు జాగ దొరకదు, ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందదు. మందులిచ్చినా నొప్పి తగ్గది, కాలి వేళ్లు కొంచెం కదిపితే ఓర్వలేడు, ఎనక తిమ్మిరి. నాడి దొరుకుతుంది గదా అని నిమ్మలంగ ఉండొద్దు, నాడి పోయేది ఆఖరుకు. కట్టు మొత్తం విప్పుండ్రి. దిండ్లు పెట్టి ఎత్తకుండ, కాలును గుండె ఎత్తుల్నే ఉంచుండ్రి. దగ్గరదగ్గర 6 గంటలు దాటితే కండ చచ్చిపోతది, ఇంక తిరిగి రాదు. సర్జన్ తోలు, దాని కింది పొర నిలువునా కోసి ఒత్తిడి తీస్తడు, గాయం కొన్ని దినాలు తెరిచే ఉంచుతరు.

గడ్డి మిషన్ల వేలు తెగితే తడి గుడ్డల చుట్టి, కవర్ల మూసి, ఆ కవర్‌ను ఐసు నీళ్లల పెట్టాలె. ఐసు నేరుగ తగిలితే వేలు పాడైతది.

బొడ్డు కాడ మొదలైన నొప్పి కుడి దిక్కు కిందికి జరిగితే అది అపెండిక్స్ కావొచ్చు, గ్యాస్ గోళీలు పనిచెయ్యయి, సర్జన్‌కు చూపించాలె.

దవాఖానకు తోల్కపోయేటప్పుడు చాయ్ తాగిస్తరు, మానుండ్రి. మత్తుల ఉన్నప్పుడు కడుపులది ఊపిరితిత్తులకు పోతది. అన్నం తింటే 6 గంటలు, ఉత్త నీళ్లకు 2 గంటలు ఆగాలె. ప్రాణం మీదికొస్తే ఆగకుండనే చేస్తరు, కాకుంటే మత్తిచ్చే తీరు మారుస్తరు. అందుకే ఆఖరుసారి ఏం తిన్నడో, ఎన్ని గంటలకో మత్తు డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పుండ్రి.