పారాలీగల్ అంటే టైపింగేనా? ఆ ఫోన్ కాల్ గురించి చెప్తాను

నమస్కారం అండీ. నేను పారాలీగల్‌ని, అంటే లాయర్‌కి కేసు పనుల్లో సాయం చేసే ఉద్యోగిని. పారాలీగల్ అంటే లాయర్ దగ్గర టైపింగ్ చేసేవాళ్లే కదా అని నన్ను చాలామంది అడిగారు. వాళ్లలో ఈ పనిలోకి వద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లూ ఉన్నారు, అందుకే ఈ వీడియో.

టైపింగ్ ఉంటుంది, కాదనను. కానీ ఒక కేసు ఆఫీసుకి ఎలా వస్తుందో చూడండి. క్లయింట్ ఒక సంచి నిండా కాగితాలు తెచ్చి బల్ల మీద పెడతారు. రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మడతల దగ్గర చిరిగిపోయిన ఒప్పందం, ఇవి కాక ఫోన్‌లో వందల మెసేజ్‌లు. ఏది ముందో ఏది వెనకో వాళ్లకే గుర్తుండదు. అవన్నీ చదివి, తేదీల వారీగా పేర్చి, పేజీలకు నంబర్లు వేసి, ఏ రోజు ఏం జరిగింది, దానికి రుజువు ఏ పేజీలో ఉంది అని పట్టిక కట్టేది మనమే. ఒకసారి అలా పేరుస్తుంటే, ఒప్పందం మీదున్న తేదీకి తొమ్మిది రోజుల ముందే డబ్బు చేతులు మారినట్టు కనిపించింది. రెండు కాగితాలనూ విడివిడిగా అందరం చదివాం, ఎవరికీ తట్టలేదు. పక్కపక్కన పెట్టాకే బయటపడింది, లాయర్ గారు ఆ రోజే వాదన మళ్లీ మొదటి నుంచి రాసుకున్నారు.

ఇంకో పని, చూడటానికి చాలా చిన్నది. ఎదుటిపక్షానికో కోర్టుకో ఇచ్చే పీడీఎఫ్‌లో రహస్యంగా ఉంచాల్సిన వివరాలు కొట్టేయాలి. పైన నల్లటి పెట్టె గీస్తే అయిపోయిందనుకుంటారు, కానీ కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే మొత్తం చదవొచ్చు. 2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ ఎన్నికల ప్రచారానికి మేనేజర్‌గా పనిచేసిన పాల్ మనఫోర్ట్ తరఫు లాయర్లు కోర్టులో వేసిన పత్రంలో సరిగ్గా ఇదే జరిగింది, విలేకరులు కాపీ చేసి చదివేశారు. అందుకే పంపే ముందు ఆ పేస్ట్ పరీక్ష నేనే చేస్తాను, ఎంత హడావుడిలో ఉన్నా సరే.

కానీ అన్నిటికంటే కష్టమైంది ఫోన్. క్లయింట్ ముందు ఫోన్ చేసేది లాయర్‌కి కాదు, మనకి. ఒకావిడ చేశారు, గొంతు వణుకుతోంది, "ఎదుటివాళ్లు రాజీ కాగితం పంపారు, సాయంత్రంలోగా సంతకం పెట్టమంటున్నారు, పెట్టమంటారా?" అని. ఫైల్ మొత్తం నాకు కంఠతా వచ్చు, జవాబు నాలుక చివరే ఉంది. చెప్పకూడదు. వాయిదా ఎప్పుడో, ఏ కాగితాలు తేవాలో చెప్పొచ్చు, ఏం చేయాలో చెబితే మాత్రం అది న్యాయసలహా అయిపోతుంది, లైసెన్సు లేకుండా సలహా ఇవ్వడం చాలాచోట్ల నేరం కూడా. అన్నిచోట్లా గీత ఒకేచోట ఉండదు లెండి. కెనడాలోని ఒంటారియోలో 2007 నుంచి పారాలీగల్స్‌కి లైసెన్సు విధానం ఉంది, అక్కడ వాళ్లు చిన్న మొత్తాల దావాల్లో సొంతంగా వాదిస్తారు. లైసెన్సు లేని నాలాంటివాళ్లు లాయర్ పర్యవేక్షణ దాటకూడదు. ఈ హద్దు క్లయింట్‌ని కాపాడటానికే, ఎందుకంటే మన మాట నమ్మి ఆవిడ సంతకం పెడితే, అది తప్పయితే, ఆ నష్టం ఆవిడది.

అలాగని "నాకు తెలియదండీ, లాయర్‌ని అడగండి" అని ఫోన్ పెట్టేయడం నాకు అస్సలు నచ్చదు. ఆ మాట విన్నాక ఆవిడ సాయంత్రం దాకా ఎంత టెన్షన్‌తో కూర్చుంటారో ఆలోచించండి. నేను కాగితం ఫొటో తీసి పంపమన్నాను, ఆవిడ ప్రశ్న ఆవిడ మాటల్లోనే రాసుకున్నాను, గడువు ఎన్ని గంటలకో అడిగాను, లాయర్ గారు విచారణ ముగించుకుని బయటికి రాగానే కోర్టు వరండాలోనే ఆ ఫొటో చూపించాను. నలభై నిమిషాల్లో ఆయనే ఆవిడకి ఫోన్ చేసి మాట్లాడారు.