చిల్లులు పడిన ఆకులే ఈ పెరటి అందం

అందరికీ నమస్కారం. ఇవాళ అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఉన్న మా ఇంటి వెనుక పెరడు చూపిస్తున్నాను. ఆగస్టు చివరి వారం కావడంతో పూలు బాగానే ఉన్నాయి కానీ, లాన్ తీసేసి ఇక్కడి అడవిపూల మొక్కలు పెంచుతున్న ఈ భాగంలో మీ కంటికి ముందుగా కనిపించేవి గొంగళిపురుగులు తిని చిల్లులు పడిన ఆకులు. ఈ మొక్కలను పెంచుతున్నదే ఆ చిల్లుల కోసం కనుక, కెమెరాను కూడా మొదట అటే తిప్పుతున్నాను.

సీతాకోకచిలుకల తోట అనగానే మనకు మకరందమే గుర్తుకు వస్తుంది. రెక్కలు వచ్చాక సీతాకోకచిలుక చాలా రకాల పూల మీద వాలి కడుపు నింపుకోగలదు కానీ, గొంగళిపురుగుకు ఆ వెసులుబాటు లేదు. మొక్కలు తమ ఆకులను కాపాడుకోవడానికి రకరకాల విషాలను తయారుచేసుకుంటాయి, ఒక్కో జాతి గొంగళిపురుగు వాటిలో కొన్నింటిని మాత్రమే తట్టుకోగలదు. అందుకే చైనా నుంచి వచ్చిన బటర్‌ఫ్లై బుష్ మీద సీతాకోకచిలుకలు ఎంత గుంపుగా వాలినా, మా ప్రాంతపు గొంగళిపురుగులకు దాని ఆకులు దాదాపుగా ఎందుకూ పనికిరావు. పిల్లలు తినలేని మొక్కను ఆ పేరుతో అమ్మడం నాకైతే నచ్చదు.

ఇదిగో, ఈ గులాబీరంగు పూల మొక్క స్వాంప్ మిల్క్‌వీడ్. ఆకు తుంచితే జిల్లేడుకు కారినట్టే పాలు కారతాయి, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. మొనార్క్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు మిల్క్‌వీడ్ జాతులను తప్ప వేరే దేనినీ తిని బతకలేదు. తల్లి ఎక్కువగా ఆకు అడుగున ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది, సుమారు 4 రోజులకు పిల్ల బయటకు వచ్చి, దాదాపు రెండు వారాలు ఆపకుండా తిని, ఆ తరువాత ప్యూపాగా మారుతుంది. పాలలో ఉండే కార్డెనొలైడ్లు అనే విషపదార్థాలు దాని ఒంట్లో చేరి, రెక్కలు వచ్చాక కూడా నిలిచి ఉంటాయి కాబట్టి, ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ దాని జోలికి రావడానికి వెనకాడుతుంది. వేసవి మొదట్లో పుట్టిన తరాలు కొన్ని వారాలే బతుకుతాయి. ఇప్పుడు ఈ ఆకుల మీద పెరుగుతున్న తరం మాత్రం మధ్య మెక్సికోలో సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న ఒయామెల్ ఫర్ అనే చెట్ల అడవులకు ఎగిరిపోయి, చలికాలమంతా అక్కడే గడుపుతుంది. ఆ చోటు ఎక్కడుందో శాస్త్రవేత్తలకు 1975 వరకు తెలియలేదు. మొనార్క్‌ను ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో చేర్చాలని అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ 2024 డిసెంబరులో ప్రతిపాదించింది.

మిల్క్‌వీడ్‌లో ఏది వేయాలన్నది మీ నేలను బట్టి ఉంటుంది. తడి నిలిచే చోటికి ఈ స్వాంప్ మిల్క్‌వీడ్, ఎండ తగిలే పొడి నేలకు నారింజరంగు పూల బటర్‌ఫ్లై వీడ్ సరిపోతాయి. రెండో దానికి తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక నాటాక కదిలించకపోవడం మంచిది. కామన్ మిల్క్‌వీడ్ నేల లోపలి నుంచి పాకుతూ విస్తరిస్తుంది, చిన్న పెరట్లో దానిని అదుపు చేయడం కష్టమే.

కాండం మీద ఈ పసుపురంగు పేనుబంకను చూసి మందు కొట్టకండి. సబ్బు నీళ్లు చల్లినా దానితో పాటు మొనార్క్ గుడ్లూ, పసి పురుగులూ పోతాయి. నాలుగు రోజులు ఓపిక పడితే అక్షింతల పురుగులు వచ్చి ఆ పని చూసుకుంటాయి. మొక్క కొనేటప్పుడు నియోనికోటినాయిడ్ రకం పురుగుమందులు వాడారేమో నర్సరీలో తప్పక అడగండి, ఎందుకంటే అవి మొక్క రసంలోనే కలిసిపోతాయి, కడిగితే పోయేవి కావు.

ఇక నీడలో నేలను అంటిపెట్టుకుని ఉన్న ఈ వయొలెట్లను చాలామంది కలుపు అనుకుని పీకేస్తారు. గ్రేట్ స్పాంగిల్డ్ ఫ్రిటిలరీ అనే పెద్ద నారింజరంగు సీతాకోకచిలుక పిల్లలకు ఆహారం ఇవే. వాటి గొంగళిపురుగులు శరదృతువులో గుడ్డు నుంచి బయటకు వచ్చి, ఆకు మేయకుండానే రాలిన ఆకుల కింద చలికాలం గడిపి, వసంతంలో వయొలెట్లు చిగురించినప్పుడు మేత మొదలుపెడతాయి. లీఫ్ బ్లోయర్‌తో ఆ ఆకులను ఊడ్చి సంచుల్లో పెట్టి పంపిస్తే, వచ్చే ఏటి సీతాకోకచిలుకలను కూడా పంపించినట్టే. అందుకే ఇక్కడి ఆకులను మేము ముట్టుకోము.

గోల్డెన్‌రాడ్, న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ ఇంకొన్ని రోజుల్లో విచ్చుకుంటాయి. దక్షిణానికి వెళ్లే మొనార్క్‌లకు దారి ఖర్చు ఈ మకరందమే. అన్నట్టు, గోల్డెన్‌రాడ్ వల్ల ఎలర్జీ వస్తుందన్నది అపోహ. దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి కీటకాలకు అంటుకుంటుంది. తుమ్ములు తెప్పించేది అదే కాలంలో పూసి, గాలికి పుప్పొడి వదిలే రాగ్‌వీడ్.

పక్కింటివారు, హోమ్ ఓనర్స్ అసోసియేషన్ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) ఏమంటారోనన్న భయం సహజమే. పరాగసంపర్క కీటకాల కోసం పెంచే ఇలాంటి తోటలను అసోసియేషన్లు అకారణంగా అడ్డుకోకూడదని మేరీల్యాండ్‌లో 2021లో చట్టం వచ్చింది కానీ, యజమాని ఆ తోటను క్రమం తప్పకుండా చూసుకోవాలన్న షరతు అందులోనే ఉంది. అంచు వెంట ఒక బారు గడ్డిని కత్తిరించి ఉంచితే, ఇది వదిలేసిన నేల కాదని చూసేవారికి తెలుస్తుంది.

విత్తనాలతో మొదలుపెట్టాలనుకుంటే నవంబరులో నేల మీద చల్లి పైపైన మట్టి కప్పండి, ఈ మిల్క్‌వీడ్ గింజలకు తడితో కూడిన చలి తగిలితేనే మొలక బాగా వస్తుంది. వసంతంలో నాటదలచినవారు తడి ఇసుకలో కలిపి సుమారు 30 రోజులు ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది మొక్క వేరు మీదే దృష్టి పెడుతుంది, పూలు చాలావరకు రెండో ఏడాదే వస్తాయి, గొంగళిపురుగులు మాత్రం అంతవరకు ఆగకపోవచ్చు.