గొంతు నొప్పితో డ్యూటీకి ఎందుకు వెళ్తారు?

"ఒంట్లో బాగోలేదని తెలిసి కూడా పనికి వెళ్లి అందరికీ అంటించారు." కోవిడ్ రోజుల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. విన్న ప్రతిసారీ కోపం వస్తుంది. మనిషిది అజాగ్రత్త అని తేల్చేస్తారు, ఆ ఉద్యోగం ఎలాంటిదో మాత్రం అడగరు.

ఆ కోవిడ్ రోజుల్లో ఒకామె ఉందనుకోండి. వృద్ధాశ్రమంలో ఆయా. పర్మనెంట్ కాదు, షిఫ్టు పడితేనే డబ్బు. అది చాలక ఇంకో ఆశ్రమంలో కూడా చేస్తోంది. సోమవారం పొద్దున లేచేసరికి గొంతు గరగర, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది.

ఇప్పుడు ఆమె లెక్క చూడండి. టెస్టు చేయించుకుంటే రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఉండాలి. నెగటివ్ వచ్చినా ఆ రోజుల డబ్బు పోయినట్టే. పాజిటివ్ అయితే ఇంకా ఎక్కువ రోజులు పోతాయి. పైగా "పిలిస్తే రాదు" అని పేరు పడిందా, వచ్చే నెల షిఫ్టులు తగ్గిపోతాయి. నన్నడిగితే అసలు భయం ఇదే. ఒక పారాసెటమాల్ వేసుకుని, మాస్కు పెట్టుకుని బయల్దేరుతుంది.

ఒళ్లు తుడవడం, మంచం మీద నుంచి లేపడం, ముద్ద తినిపించడం ఆమె పని. దూరం పాటిస్తూ చేయగలిగింది ఒక్కటీ లేదు. పైగా కోవిడ్ లక్షణాలు కనబడటానికి రెండు రోజుల ముందు నుంచే అంటుకోగలదు. అంటే శని, ఆదివారాల్లో ఆ రెండో ఆశ్రమంలో ఇప్పటికే ఎవరికైనా అంటి ఉండొచ్చు.

(స్క్రీన్ మీద: రెండు ఆశ్రమాలు, మధ్యలో ఆమె)

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఈ సంగతి త్వరగా గుర్తించింది. వృద్ధాశ్రమాల సిబ్బంది ఒక్కచోటే పనిచేయాలని 2020 మార్చిలో ఆదేశించింది. ఆదేశంతో సరిపెట్టకుండా, తక్కువ జీతాలున్న చోట వాటిని పెంచింది కూడా. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సిక్ లీవ్ లేనివాళ్లు టెస్టు ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఉండేందుకు 450 డాలర్లు ఇచ్చింది. "ఇంట్లోనే ఉండండి" అని వెయ్యి పోస్టర్లు అంటించినా ఆయమ్మ సోమవారం లెక్క మారదు. ఈ డబ్బుతో మారుతుంది.

ఇంతవరకూ పని దొరికిన మనిషి సంగతి. దొరకకపోతే? అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద 8.8 శాతం పని గంటలు పోయాయి, 25.5 కోట్ల ఫుల్‌టైమ్ ఉద్యోగాలతో సమానం. ఆమెలాంటివాళ్లను ఉద్యోగంలోంచి తీసేయక్కర్లేదు, షిఫ్టు వేయడం ఆపితే చాలు. అప్పుడు బీపీ మాత్ర రోజు విడిచి రోజుకు మారుతుంది. రాత్రంతా ఫోన్ వంకే చూపు, రేపు పిలుస్తారా లేదా అని టెన్షన్. కోవిడ్ మొదటి ఏడాదిలోనే ఆందోళన, డిప్రెషన్ ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

టైమ్ అయిపోతోంది, లాంగ్ కోవిడ్ గురించి గబగబా చెప్పేస్తాను. అంటే కోవిడ్ వచ్చి తగ్గాక కూడా వదలని బాధలు: నెలల తరబడి నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పర్మనెంట్ ఉద్యోగికి మెడికల్ లీవో, తేలిక పనో దొరికే అవకాశం ఉంటుంది. మన ఆయా మనుషుల్ని ఎత్తాలి, లేదంటే మానేయాలి. పనిలోనే సోకింది, పరిహారం ఇవ్వండి అని అడిగిందనుకోండి, ఎక్కడ సోకిందో రుజువు చూపమంటారు. రెండు ఆశ్రమాలూ మా దగ్గర కాదంటే మా దగ్గర కాదంటాయి.